గణేశ్వరరావు మాటల వేడి

వానాకాలంలో పోర్ట్ బ్లెయిర్ డెయిరీ ఫార్మ్ పేటలో ఎవరింట్లోనూ బట్టలారవు, గణేశ్వరరావు ఇంట్లో తప్ప. పొద్దున్నే అతను వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. తల్లి యర్రమ్మ ఉప్పుచేపల చేట తెచ్చి అతని కాళ్ళ దగ్గర పెడుతుంది. పక్కింటి అచ్చమ్మ పిల్లల తడి యూనిఫారాలు కుర్చీ వెనక తాడుమీద ఆరేస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు అతన్ని ఒక ప్రశ్న అడగాలి. ఓడ ఎందుకు ఆలస్యమైందనో, భూకంపం ఎలా వస్తుందనో. గణేశ్వరరావు గొంతు సవరించుకుంటాడు. కాసేపటికి చేపలు ఎండి గలగలలాడతాయి.

అతను మాట్లాడితే వేడి పుడుతుంది. అయితే అన్నిసార్లూ కాదు. తెలిసిన సంగతి మాట్లాడితే గాలి మామూలుగానే ఉంటుంది. తెలియనిది తెలిసినట్టు చెప్పినప్పుడే సెగ. అందుకే ఆ ఇంటికి ఎండ కరువు ఏనాడూ రాలేదు. అతని తండ్రి పైడిరాజుకీ ఇదే ఉండేది. "మీ మావ రాజకీయాలెత్తుకుంటే గుడ్లు ఉడికిపోయీవి," అని యర్రమ్మ కోడలికి చెబుతూ ఉంటుంది. మగాడన్నాక కాస్త సెగ ఉంటుందని సర్దుకుపోయే ఆడవాళ్ళకి ఏ ఊళ్ళోనూ లోటు లేదు.

గణేశ్వరరావు కాంట్రాక్టరు. ఊళ్ళో ఇళ్ళు కడతాడు. ఆ ఇళ్ళ నమూనాలు గీసేది భార్య పద్మిని. లోపలి గదిలో పాత డెస్క్‌టాప్ ముందు కూర్చుని గోడలూ కిటికీలూ మెట్లూ లేపుతుంది. కట్టని ఇంట్లో మనం నడిచి వెళుతున్నట్టు వీడియో చేస్తుంది. కింద మూల మాత్రం "గణేశ్వరరావు కన్‌స్ట్రక్షన్స్" అని పడుతుంది. మెచ్చుకోళ్ళు అతనికి, మెడనొప్పి ఆమెకి.

ఈసారి వచ్చిన పని వేరు. వండూర్ బీచ్‌లో రిసార్టు కట్టించబోతున్న జాహ్నవి, పద్మిని పనితనం గురించి ఎక్కడో విని, నేరుగా ఆమెకే ఫోన్ చేసింది. "మీ పేరు మీదే చెయ్యండి దీదీ. మన నెట్‌లో అంత పెద్ద వీడియో రాదు, శుక్రవారం నేనే వచ్చి చూస్తాను. ఆ రోజుకి అవకపోతే చెన్నైవాళ్ళకి ఇచ్చేస్తాను, ఏమనుకోకండి." పెళ్ళయ్యాక పద్మిని పేరు రేషన్ కార్డు మీద తప్ప ఇంకెక్కడా అచ్చు కాలేదు.

సరిగ్గా ఆ వారమే కంప్యూటర్ అరవడం మొదలుపెట్టింది. వీడియో తయారీకి పెట్టగానే గ్రాఫిక్స్ కార్డు ఫ్యాను గరగరమనేది, తర్వాత కీచుమనేది, ఆఖరికి తెర నల్లబడి అంతా ఆగిపోయేది.

గణేశ్వరరావు గోల్ ఘర్‌లో కంప్యూటర్ షాపు నడిపే చక్రిని పిలిపించాడు. చక్రి పద్మిని వైపు చూడనైనా లేదు.

"భయ్యా, దీదీ గేమ్స్ ఆడతాదా?"

"ఏవో బొమ్మలు గీసుకుంటుందిలే."

"లేడీస్ వాడితే ఇంతే భయ్యా, పక్కా. ఆఫ్ చెయ్యడం రాదు. కొత్త కార్డు మంగాయించేద్దాం, చెన్నై నుంచి జహాజ్‌లో వస్తాది."

"కార్డు కాదు చక్రీ, నేను చెప్తా విను. సముద్రం పక్కన కరెంటుకి తేమ పడుతుంది. ఆ తేమ కార్డులోకి ఎక్కుతుంది."

కరెంటుకి తేమ! చక్రి భక్తిగా తలూపాడు. బల్లమీద ఎప్పుడో చల్లారిన పద్మిని టీ మళ్ళీ పొగలు కక్కింది. జబ్బు ఏమిటో తేలిపోయినందుకు సంతోషించి ఇద్దరూ పాన్ వేసుకోవడానికి వెళ్ళారు.

పద్మిని ప్లగ్గు పీకి స్క్రూడ్రైవర్ అందుకుంది. ముందు కేబినెట్ మీది తొడుగు లాగేసింది. ఉప్పుగాలికి తుప్పు పడుతుందని గణేశ్వరరావు దానికి నీలం టార్పాలిన్ చొక్కా కుట్టించాడు. తుప్పు పట్టలేదు, ఊపిరీ ఆడలేదు. పక్క రేకు విప్పి కార్డు బయటికి తీస్తే దాని పలకల మధ్య దుమ్ము కంబళిలా పేరుకుని ఉంది. పెయింటు బ్రష్‌తో దులిపింది. ఫ్యాను రెక్కకి ఒక వైరు తగులుతోంది, వెనక్కి లాగి కట్టింది. ఇరుసు ఎండిపోయింది, కుట్టుమిషను నూనె చుక్క వేసింది. చిప్పు మీది పూత పెచ్చులు పెచ్చులుగా లేస్తోంది. స్పిరిట్‌తో తుడిచి, మొబైల్ రిపేరు కొట్టులో కొన్న, వేడి లాగే పేస్టు బఠాణీ గింజంత పెట్టింది.

యర్రమ్మ గుమ్మంలోంచి తొంగిచూసింది. "ఏటే పద్మినీ, చేపని సేసినట్టు సేస్తన్నావు?"

"పొట్టలో చెత్తంతా అలాగే ఉంది అత్తయ్యా."

"తీసీ, తీసీ. ఆడు సెప్పింది ఇనకు. ఆడి మాటలు చేపలకి పనికొస్తాయి గానీ మిషన్లకేటి పనికొస్తాయి?"

అన్నీ బిగించి ఆన్ చేస్తే ఫ్యాను చప్పుడు దూరాన వాన పడుతున్నంత. వీడియో తయారీ మొదలైంది. తెరమీద కార్డు వేడి చూపించే అంకె డెబ్బై దగ్గర నిలబడింది.

అప్పుడు గణేశ్వరరావు లోపలికొచ్చాడు. "టార్పాలిన్ తీసేశావా! బుద్ధుందా? చల్లగాలి తగిలితే చిప్పు బిగుసుకుపోతుంది. అసలు గ్రాఫిక్స్ అంటే ఏమిటో చెప్తా విను..."

ఎనభై. తొంభై. ఫ్యాను కీచుమంది. తెర నల్లబడింది.

"చూశావా, తేమ!" అన్నాడతను.

పద్మిని అతని ముఖంలోకి చూసింది. ఈ భాగాన్ని విప్పి తుడవడం కుదరదు. అతన్ని మెల్లగా గుమ్మం దాటించి లోపల గడియ పెట్టుకుంది. గురువారం సాయంత్రానికి వీడియో పూర్తయింది.

శుక్రవారం జాహ్నవి వచ్చింది. గణేశ్వరరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని, భార్య కుర్చీలో తనే కూర్చున్నాడు. పద్మిని పక్కన నిలబడి వీడియో పెట్టింది. తెరమీద గట్టు మీంచి కాటేజీల మధ్యకి దారి సాగింది.

"మెట్లు సముద్రం వైపు కాకుండా ఇటెందుకు తిప్పారు?" అని జాహ్నవి పద్మినిని అడిగింది.

"నేను చెప్తాను మేడమ్," అన్నాడు గణేశ్వరరావు. "ఇది నా ఐడియా. వాస్తు ప్రకారం అలలకి ఎదురుగా..."

కిటికీ పరదా ముడుచుకుంది. జాహ్నవి నుదురు చెమర్చింది. ఫ్యాను అరిచింది, తెర ఆరిపోయింది. జాహ్నవి ఇటువంటివాళ్ళని చాలామందిని చూసినట్టే ఉంది. రుమాలుతో మెడ తుడుచుకుంటూ, "సార్, మీరు కాసేపు వసారాలో కూర్చోండి," అంది. ఆమె కాంట్రాక్టు ఇచ్చే మనిషి కాబట్టి అతను లేచాడు. పెళ్ళాం చెబితే లేచేవాడు కాదు.

కంప్యూటర్ మళ్ళీ లేచింది. "వండూర్‌లో వానగాలి సముద్రం వైపునుంచే కొడుతుంది," అంది పద్మిని. "మెట్లు అటు పెడితే జల్లంతా గదిలోకే. ఇటు తిప్పితే కప్పు అడ్డం ఉంటుంది." ఆమె పునాదుల గురించి చెప్పింది, కిటికీల గురించి చెప్పింది, నీళ్ళు పోయే దారి చెప్పింది. తెరమీద అంకె కదల్లేదు.

జాహ్నవి అంతా చూసి లేచింది. "సోమవారం నుంచి సైటుకి వచ్చెయ్యండి దీదీ. కట్టడం అయ్యేదాకా మీకు అక్కడే గది. మొత్తం పని మీ పేరు మీదే."

వసారాలోంచి గణేశ్వరరావు పరుగున వచ్చాడు. "సైటు నేను చూసుకుంటాను మేడమ్. దానికేం తెలుసు, ఎప్పుడైనా ఇటుక పట్టుకుందా? నేను రోజూ వస్తాను."

"వద్దు సార్," అంది జాహ్నవి, చెప్పులు వేసుకుంటూ. "మా కాటేజీలన్నిటికీ ధనీ ఆకుల కప్పే, ఎండు తాటాకులాంటిది. మీరొచ్చి నిలబడి రెండు మాటలంటే మొత్తం అంటుకుంటుంది."

"ధనీ ఆకు అంటుకోదు మేడమ్! నేను చెప్తాను వినండి, ఆ ఆకులో అసలు..."

అతని ఇస్త్రీ చొక్కా కాలరు అంచున సన్నగా పొగ లేచింది. పద్మిని సంచిలో బట్టలు సర్దుకోవడానికి లోపలికి వెళ్ళింది.