ఇరుక్కుపోయిన మోతలు

సెలవు రోజున కోడలు ఆలస్యంగా లేస్తుంది, ఆలస్యంగా టీ పెడుతుంది. మామగారు మాత్రం అప్పటికే పేపరు సగం దిద్దేసి ఉంటాడు. ముప్పై నాలుగేళ్ళు ఒక దినపత్రికలో ప్రూఫులు చూసిన మనిషి. రిటైరై ఆరేళ్ళయినా పేపరు చేతికి రాగానే ఎర్ర పెన్ను వెతుక్కుంటాడు. వీధిలో అందరూ ఆయన్ని కామాగారంటారు. ఎదురుగా అన్నా ఏమీ అనుకోడు.

ఆ ఉదయం కిటికీ ఊచల మీద టకటకమని చప్పుడైంది. పైవాటా ఆవిడ.

“ఏమ్మా, వేలు అరిగేదాకా నొక్కుతున్నాను. మీ బెల్లు చచ్చిందా, మీరే చెవుల్లో దూది పెట్టుకున్నారా?”

“మాకేం వినపడలేదు పిన్నిగారూ,” అంది కోడలు తలుపు తీస్తూ.

“మీ ఇంట్లో అది మోగక పది రోజులవుతోంది. కొరియరు మనిషి తిట్టుకుంటూ వెనక్కి పోవడం నేనే చూశాను. సరేగానీ, సంగతి తెలుసా? గడియారాలాయన ఊరొదిలి పోతున్నాడట. చెల్లెలి దగ్గరే ఉంటాడట ఇక. సామాన్లు వ్యానుకెక్కిస్తున్నారు.”

కోడలు మామగారి వైపు చూసింది. ఆయన పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

“పోనీ,” అన్నాడు దాని వెనకనుంచి.

మూడు వీధుల అవతల గడియారాలు బాగుచేసే మనిషికీ కామాగారికీ ఇరవై ఏళ్ళ స్నేహం. రోజూ సాయంత్రం ఐదున్నరకు గడియారాలాయన తిన్నగా ఈ ఇంట్లోకొచ్చి కుర్చీ లాక్కుని కూర్చునేవాడు. పది రోజుల కిందట అలాగే వచ్చేసరికి కామాగారు కునుకు తీస్తున్నాడు. గోడ గడియారం ఏడు నిమిషాలు ముందుంది. ఇరవై ఏళ్ళుగా ఓర్చుకున్న చెయ్యి ఆ రోజు ఊరుకోలేదు. ముల్లు వెనక్కి తిప్పి సరిచేశాడు.

ఆ ఏడు నిమిషాలూ కామాగారు కావాలని పెట్టుకున్నవి. పేజీ ఏనాడూ ఆలస్యం కాకూడదని ఉద్యోగంలో చేరిన వారమే ముందుకు జరిపాడు, అలాగే బతికాడు. నిద్రలేచి చూసి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. “ఇల్లు నాది, టైమూ నాదే!” అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. “రేపటినుంచి అందరిలాగే బెల్లు కొట్టు. తలుపు తీస్తేనే లోపలికి రా!”

గడియారాలాయన వెళ్ళిపోయాడు. అప్పటినుంచి రాలేదు. సాయంత్రమయ్యేసరికి మామగారి కుర్చీ గుమ్మం వైపు తిరుగుతోందని కోడలు గమనిస్తూనే ఉంది.

“ఒక్క ఫోను చేయండి మావయ్యగారూ.”

“రావాలనుకున్నవాడికి బెల్లుంది.”

“ఆ బెల్లే పనిచేయట్లేదంటున్నారు కదా!”

పేపరు రెండంగుళాలు కిందికి దిగింది.

కోడలు స్టూలు, టెస్టరు తెచ్చుకుంది. గుమ్మం దగ్గర పైవాటా ఆవిడని నిలబెట్టింది.

“నొక్కండి పిన్నిగారూ.”

“నొక్కాను.”

“వదలండి. మళ్ళీ.”

ఆవిడ నొక్కినప్పుడల్లా బెల్లు పెట్టె దగ్గర టెస్టరు వెలుగుతోంది. అంటే స్విచ్చులో లోపం లేదు, వైరూ తెగలేదు. కోడలు మెయిన్ ఆపి మూత విప్పింది. లోపల రేకుకు కొట్టుకోవలసిన చిన్న ఇనప కడ్డీ చుట్టూ కందిరీగ మట్టిగూడు కట్టుకుని ఎప్పుడో ఎగిరిపోయింది. కడ్డీ కదలదు. స్క్రూడ్రైవరుతో మట్టి గీకి, పాత టూత్‌బ్రష్షుతో తుడిచి, మెయిన్ వేసింది.

బెల్లు మోగింది.

“నేను నొక్కలేదు!” అంది పైవాటా ఆవిడ రెండు చేతులూ పైకెత్తి.

“తెలుసు పిన్నిగారూ. లోపల ఇరుక్కున్నవి వస్తున్నాయి.”

“అలాగా! అయితే నావీ ఉంటాయి చూడు. జల్లెడ కోసం వచ్చినరోజు మూడు కొట్టాను.”

ఏ వేలు ఎలా నొక్కిందో మోత అలాగే వస్తోంది. టకటకా రెండు, పాల మనిషివి. ఆగకుండా పొడుగ్గా ఒకటి, కొరియరుది. “ఇదిగో, నా మూడూ!” అని పైవాటా ఆవిడ మురిసిపోయింది. మధ్యలో ఒక మోత మాత్రం వేరుగా ఉంది. ఒకసారి మోగి ఆగింది. చాలాసేపటికి ఇంకోసారి మోగింది. అంతే.

మళ్ళీ పాల మనిషి. మళ్ళీ అదే మోత.

కోడలు గోడ గడియారం వైపు చూసింది. “మొదటిదానికీ రెండోదానికీ సరిగ్గా ముప్పై సెకన్లు మావయ్యగారూ. ఇందాకటిదీ ముప్పయ్యే.”

అంత లెక్కగా నొక్కే వేలు ఆ చుట్టుపక్కల ఒక్కటే ఉంది. కామాగారు పేపరు అంచున ఎర్ర పెన్నుతో గీతలు పెట్టసాగాడు. రోజుకొకటి. తలుపు కొట్టలేదు, కిటికీ దగ్గర పిలవలేదు. బెల్లు కొట్టమన్నాడు కనక బెల్లు కొట్టాడు, ముప్పై సెకన్లు ఆగి మళ్ళీ కొట్టాడు, వెళ్ళిపోయాడు. ఎనిమిది గీతలయ్యాక పెట్టె ఊరుకుంది.

“అమ్మాయ్, నా చెప్పులేవి?” అన్నాడు కామాగారు. అడగడమే గానీ ఆగలేదు. కాళ్ళకు దొరికిన కోడలి చెప్పులేసుకుని, పెన్ను చేతిలో ఉండగానే మెట్లు దిగేశాడు.

మూడు వీధుల అవతల వ్యాను సగానికి పైగా నిండింది. దుప్పట్లలో చుట్టిన గడియారాలు పసిపిల్లల్లా వరసగా పడుకున్నాయి. వాటి పక్కన నిలబడ్డ గడియారాలాయన ముందు చెప్పుల వైపు, తరవాత మొహం వైపు చూశాడు.

“ఏమోయ్,” అన్నాడు కామాగారు ఒగరుస్తూ, “ఎనిమిదిసార్లొచ్చావా?”

“తొమ్మిది.”

“ఎనిమిదే మోగాయి. గీతలు పెట్టి మరీ లెక్కేశాను.”

“తొమ్మిదోసారి నొక్కలేదు. నిన్న. కాసేపు నిలబడి వచ్చేశాను.”

కామాగారు ఎర్ర పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు. అచ్చయిన తప్పులు పట్టడమే ఆయనకు వచ్చిన విద్య, మోగనివి కాదు.

“బెల్లు పాడైందోయ్. నోరు దానికంటే ముందే పాడైంది,” అన్నాడు చివరికి. వ్యాను వైపు తిరిగాడు. “బాబూ, సామాను దించెయ్.”

“దించితే మళ్ళీ ఎక్కించను సార్, ముందే చెబుతున్నా,” అన్నాడు డ్రైవరు.

“ఎక్కించేది లేదు.”

“మా చెల్లెలు గది సర్ది పెట్టుకుందయ్యా,” అన్నాడు గడియారాలాయన. గొంతులో బింకం అప్పటికే సగం సడలింది.

“ఆవిడనే ఇక్కడికి రమ్మను. పదిరోజులుండి వెళుతుంది. నీతో వేగడం ఎంత కష్టమో ఆవిడకీ తెలియాలి.”

“నాతోనా? నీతోనా?”

“ముందు ఇది పట్టు.”

నిలువెత్తు గడియారాన్ని చెరో వైపూ పట్టుకున్నారు. గడియారాలాయన ఇంటి గుమ్మం దగ్గర కామాగారు ఎడమకన్నాడు, గడియారాలాయన కుడికన్నాడు. ఎవరూ తగ్గలేదు. వాళ్ళు తేల్చుకునేలోగా డ్రైవరు మిగతావన్నీ దించేసి, వ్యాను తలుపు వేసేశాడు.