పాటు వేళ వచ్చే పెద్దలు

మా ఊరి తూముకి తలుపులు తిరగేసి బిగించారని తెలుసుకోవడానికి ప్రభుత్వానికి రెండేళ్లు పట్టింది. నాంచారయ్యకి ఒక్క చూపు చాలింది. ఆ రెంటికీ మధ్య నేను రాసిన అర్జీలు ఏడు. నేను ప్రకాశరావుని. కోడూరుకి దిగువన, సముద్రానికి రెండు మైళ్ల దూరంలో ఉన్న పల్లెలో మిషను బడి మాస్టర్ని. ఊళ్లో ఎవరికి ఏ కష్టం వచ్చినా కాగితం మీద పెట్టేది నేనే. నా అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని బందరు ఆఫీసుల్లో కూడా చెప్పుకుంటారు. ఆ ముత్యాల వల్ల ఒక్క గింజ పండలేదు, అది వేరే సంగతి.

మా పొలాల మురుగునీరు సముద్రంలోకి పోవడానికి ఒక కాలువ ఉంది. పోటు వేళ సముద్రం అదే కాలువలో ఎదురెక్కి పొలాల్లోకి వచ్చేది. దాన్ని ఆపడానికి అరవై ఒకటిలో తూము కట్టారు. దానికి రెండు ఇనప తలుపులు. పైన బందులుంటాయి, కింద ఊరికే వేలాడతాయి. అవి సముద్రం వైపు వేలాడాలి. అప్పుడు మురుగునీరు వాటిని తోసుకుని బయటికి పోతుంది, పోటు వచ్చినప్పుడు సముద్రమే వాటిని నెట్టి మూసేస్తుంది. మనిషి చెయ్యి పెట్టే పని లేదు. ఎవరో తెలివైనవాడు చక్కగా బొమ్మ గీసి పంపాడు. కంట్రాక్టు తీసుకున్న గుడివాడ జగన్మోహనరావు గారి మనుషులు మాత్రం, సముద్రం వైపు మోకాలిలోతు బురద ఉందని, పొలం వైపు పొడిగట్టు మీద నిలబడి తలుపులు బిగించేసి సాయంత్రం బస్సుకి వెళ్లిపోయారు.

మర్నాడు నాంచారయ్య వల భుజాన వేసుకుని అటు వెళ్తూ ఆగాడు. అతనిది పక్కనున్న బెస్తపాలెం. నలభై ఏళ్లుగా సముద్రం ఎక్కే పోటునీ, దిగే పాటునీ చూస్తూ బతికినవాడు.

"మాస్టారూ, ఇది సముద్రానికి తలుపు తీసి, మురుక్కి మూసినట్టుందండీ. అటు వేలాడాల్సినవి ఇటు వేలాడుతున్నాయి," అన్నాడు.

నేను నవ్వాను. "ఇంజనీర్లు గీసిన బొమ్మయ్యా అది. నీ వల అనుకున్నావా?" అన్నాను.

అతను మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎక్కడా రాయలేదు.

ఆ తూము పక్కనే సువార్తమ్మ పొలం. ఎకరంన్నర. భర్త పోయిన ఏడాది ప్రభుత్వం భూమిలేనివాళ్లకి పంచినప్పుడు ఆమె పేరున పట్టా వచ్చింది. జీవితమంతా ఒకరి చేలో నాట్లు ఊడ్చిన మనిషి, మొదటిసారి తన చేలో తాను ఊడ్చుకుంది. పట్టాలో ఒక షరతుంది. మూడేళ్లు వరసగా బీడు పెడితే భూమి వెనక్కి తీసుకుంటారు. ఈ షరతు రాసినవాడు సోమరిపోతుల్ని దృష్టిలో పెట్టుకుని రాసి ఉంటాడు. సముద్రాన్ని పెట్టుకోలేదు.

మొదటి ఏడు నాటిన పదిహేనో రోజుకి నారు మాడిపోయింది. మట్టి మీద తెల్లగా ఉప్పు తేలింది. రెండో ఏడూ అంతే. రెండుసార్లూ రెవిన్యూ ఇన్‌స్పెక్టర్ వెంకట్రామయ్య గారు పంటల లెక్క రాసే అడంగల్లో "బీడు" అని రాశారు. పంట లేకపోతే బీడే కదా అని ఆయన వాదన. నాటి పోగొట్టుకున్న దానికి ఆయన పుస్తకంలో గడి లేదట.

నేను అర్జీలు పెట్టాను. పెద్దలు వచ్చారు. రాలేదని నేను అనను, ఏడు అర్జీలకి నాలుగుసార్లు జీపు వచ్చింది. కాని తూము దగ్గరికి వెళ్లే దారికి ఒక ఉప్పుటేరు పాయ అడ్డం ఉంది. పోటుంటే అందులో మొలలోతు నీళ్లు. పాటు తీసి, నేల బయటపడ్డాకే జీపు దాటగలదు. అంచేత వచ్చిన ప్రతి పెద్దా పాటు వేళే వచ్చాడు. ఆ వేళ సముద్రం కిందికి దిగిపోయి ఉంటుంది, పొలం వైపు మురుగునీరు తలుపుల్ని ఒత్తి బిగించేసి ఉంటుంది. ఇంజనీరు గారు చేతికర్రతో తలుపుని టకటకా కొట్టి చూసేవారు.

"గట్టిగా మూసుకుని ఉంది కదా. చుక్క ఉప్పునీరు వస్తోందా?"

"ఇప్పుడు రావడం లేదండీ. మురుగు కూడా పోవడం లేదండీ," అనేవాణ్ణి.

"ఉప్పు రాకూడదని మీరేగా అడిగారు! తలుపంటే మూసుకునే ఉంటుంది మాస్టారూ," అని నవ్వేవారు. ఆయనతో వచ్చినవాళ్లూ నవ్వేవాళ్లు. సిగ్గు లేకుండా నేనూ నవ్వేవాణ్ణి.

మూడోసారి ఒక సైన్సు ఆయన్ని వెంటబెట్టుకొచ్చారు. సుందరరాజు గారని, మట్టి పరీక్షల ఆఫీసరు. చిన్న వయసు, పెద్ద చదువు. గుడ్డసంచుల్లో మట్టి ఎత్తుకుపోయి, నెల తిరక్కుండా నేలలో ఉప్పుందని కనిపెట్టి ఉత్తరం రాశారు. సువార్తమ్మ నాలుకతో కనిపెట్టిన సంగతే, టైపు కొట్టించి పంపారు. మందు కూడా రాశారు: జిప్సం. ఉప్పు ఎక్కణ్ణించి వస్తోందని మాత్రం అడగలేదు. మట్టి ఆయన శాఖ, నీళ్లు ఇంకొకరి శాఖ.

జిల్లాలో ఈ వైపుకి జిప్సం ఏజెన్సీ ఎవరిదనుకున్నారు? జగన్మోహనరావు గారిదే. బియ్యం మిల్లు ఆయనది, తూము కంట్రాక్టు ఆయనది, జిప్సం ఆయనది. పట్టాలు రద్దయ్యే భూముల్ని ఉప్పుమళ్లకి లీజుకిమ్మని దరఖాస్తు పెట్టింది కూడా ఆయనే. ఇదంతా ఆయన పన్నిన పన్నాగం అనుకోకండి, అంత తెలివి ఆయనకి లేదు. ఎక్కడ నష్టం కనబడితే అక్కడ ఒక దుకాణం తెరవడం ఆయనకి అలవాటు.

మూడో ఏడు, అరవై మూడు, భాద్రపదంలో గుడివాడ నుంచి జగన్మోహనరావు గారి కబురొచ్చింది. రైతులకి ఉచితంగా జిప్సం పంచే సభ తూము దగ్గరే పెడతారట. ఇంజనీరు గారు, సుందరరాజు గారు, వెంకట్రామయ్య గారు, ఫొటో తీసేవాడు అందరూ వస్తారట. ఏర్పాట్లన్నీ నా నెత్తిన పెట్టారు. "పౌర్ణమి దాటితే పితృపక్షాలు, శుభకార్యం పనికిరాదు. ఈలోపు మంచి టైము చూసి కార్డు వెయ్యండి" అని చీటీ. మిషను బడి మాస్టర్ని ముహూర్తం పెట్టమన్నాడు ఆ మహానుభావుడు!

చీటీ పట్టుకుని సువార్తమ్మ పొలానికి వెళ్లాను. మా చివరి భూములకి కాలువ నీళ్లు అందేసరికే ఆలస్యం. ఆమె అప్పటికి వారం కిందటే ఊడ్చింది. నారు పచ్చగా నిలదొక్కుకుంది. ఈసారి ఎండితే పట్టా పోతుంది. వెంకట్రామయ్య గారు నోటీసు ముందే రాసి పెట్టుకున్నారని ఊరంతా తెలుసు. ఆమె గట్టు మీద కూర్చుని ఆ పచ్చదనాన్ని చూస్తోంది.

"పౌర్ణమి పోటుకి ఇది పోద్ది మాస్టారూ. అమావాస్య దాటాక ఊడ్చాను కాబట్టి ఇప్పటిదాకా బతికుంది," అంది.

అప్పుడు వెలిగింది నా మట్టిబుర్ర. తిన్నగా బెస్తపాలెం వెళ్లి, "నాంచారయ్యా, పౌర్ణమి నాడు తూము దగ్గర పోటు నిండుగా ఎప్పుడుంటుంది?" అని అడిగాను.

"పది కొట్టేసరికి నిండుద్ది. పాయ మాత్రం ఏడుంపావుకల్లా ఎక్కుద్ది. దాటినోళ్లు మళ్లీ మజ్జాన్నం రెండింటిదాకా ఇవతలికి రాలేరు," అన్నాడు. ఎందుకని అడగలేదు. వల దులుపుతూ నవ్వుకున్నాడు.

కార్డు మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను: భాద్రపద పౌర్ణమి, ఉదయం తొమ్మిదిన్నరకు సభ. అతిథులు ఏడు గంటలలోపు దయచేయవలెను. ఫలహారములు సభాస్థలి యందే.

సువార్తమ్మకి సంగతి చెప్పి, "గట్టు తడిమట్టితో ఇంకో అడుగు ఎత్తించనా? కొంతయినా మిగులుతుందేమో," అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపి, "వద్దండీ. రెండేళ్లు ఎవరూ చూడకుండా చచ్చింది. ఈసారి వాళ్ల కళ్ల ముందే చావనీండి," అంది. కళ్లు తుడుచుకోలేదు. నాకే తల ఎత్తాలనిపించలేదు.

ఫలహారం ఉందంటే పెద్దలు ఆలస్యంగా రారు. ఏడు కాకుండానే రెండు జీపులు పాయ దాటాయి. షామియానా కింద ఉప్మా, పెసరట్లు, కాఫీ. గట్టు మీద జిప్సం బస్తాలు గుట్టగా పేర్చారు. జగన్మోహనరావు గారు వాటి ముందు ఫొటో దిగారు, దండ సరిచేసుకుని మళ్లీ దిగారు. వెనకాల పాయ నిండుతోంది. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు.

సభ మొదలైంది. ఇంజనీరు గారు లేచి, ఈ తూము సముద్రానికి వేసిన గొళ్లెం అని చెప్తున్నారు. మాట పూర్తయిందో లేదో, ఆయన కాళ్లకింద ధన్‌మని చప్పుడైంది. తలుపులు రెండూ పొలం వైపు తెరుచుకున్నాయి. సముద్రం ఎవరి అనుమతీ అడక్కుండా లోపలికి వచ్చింది. నురగతో, పీతలతో, ఎక్కడివో కొబ్బరిమట్టలతో వచ్చింది. కాలువ నిండి, గట్టు పొర్లి, సువార్తమ్మ మడిలోకి దిగింది. పచ్చని నారు కొసలు కాసేపు కనిపించాయి, తర్వాత అవీ కనిపించలేదు.

"ఇదేంటి? తలుపులు ఇటెందుకు తెరుచుకున్నాయి?" అన్నారు ఇంజనీరు గారు. ఆయన ముఖం చూస్తే జాలి వేయాలి. నాకు వేయలేదు.

"అటు బిగించాల్సినవి ఇటు బిగించారు కాబట్టండీ," అన్నాడు నాంచారయ్య, జనంలోంచి.

జగన్మోహనరావు గారు జీపు వైపు పరుగెత్తారు. పాయలో మొలలోతు నీళ్లు. తిరిగొచ్చేసరికి చెప్పులు లేవు, దండ మెళ్లోనే ఉంది. కింద వరస జిప్సం బస్తాలు తడిసి గడ్డకడుతున్నాయి. "అనుకోని విపత్తు" అని గొణుగుతున్నారు. నెలకి రెండుసార్లు, రెండేళ్లుగా అనుకోకుండా వస్తున్న విపత్తు.

సుందరరాజు గారు మాత్రం ప్యాంటు మడిచి నీళ్లలోకి దిగారు. సీసాలో నీళ్లు పట్టి, చుక్క నాలుక మీద వేసుకున్నారు. సీసాకి మూత బిగించి, "జిప్సం పోసి లాభం లేదు. ముందు తలుపులు తిప్పాలి. తర్వాత కాలువ నీళ్లు పెట్టి నేలని కడగాలి, పచ్చిరొట్టకి జీలుగ వేసి దున్నాలి. నేను మొదటే ఇక్కడికి పోటులో రావలసింది," అన్నారు.

"ఆ ముక్కకి సీసా ఎందుకండీ?" అన్నాడు నాంచారయ్య. ఆయనకి కోపం రాలేదు. అందరిలోకీ తప్పు ఒప్పుకున్నది ఆయనొక్కడే, అది నేను మరిచిపోను.

రెండింటిదాకా ఎటూ కదలడానికి లేదు. ఎండ మాడుస్తోంది. కాఫీ అయిపోయింది. వెంకట్రామయ్య గారు మంచినీళ్లు అడిగారు. మంచినీళ్లు పాయ అవతల ఉన్నాయి. సువార్తమ్మ తన కుండలో మిగిలిన గ్లాసుడు నీళ్లు తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన గడగడా తాగాక ఎదురుగా నిలబడింది.

"అయ్యా, మీ పుస్తకం తెచ్చారా?"

"తెచ్చానమ్మా."

"ఇయ్యాళ నా చేలో ఏం చూశారో రాయండి. బీడని రాస్తారో, ఊడ్చిన చేను సముద్రం మింగిందని రాస్తారో మీ ఇష్టం. నేను ఇక్కడే నిలబడతాను. మీరూ ఎక్కడికీ పోలేరు గదా."

ఆయన ఇంజనీరు గారి వంక చూశారు. ఇంజనీరు గారు సముద్రం వంక చూశారు. చివరికి పుస్తకం తెరిచి, "సాగు చేయబడినది, తూము లోపమున సముద్రపు నీరు ప్రవేశించుట స్వయముగా చూచితిని" అని రాసి సంతకం పెట్టారు. రెండేళ్లలో ఆ పొలం గురించి రాసిన మొదటి నిజం అది. నోటీసు ఆయన జేబులోనే ఉండిపోయింది.

తలుపులు తిప్పి బిగించడానికి ఎనిమిదిమందికి మూడు రోజులు పట్టింది. అంతే. ఆ ఏడాది పంట లేదు. సుందరరాజు గారు అన్న మాట ప్రకారం మళ్లీ మళ్లీ వచ్చారు. ప్రతిసారీ ముందు నాంచారయ్యని పోటెప్పుడని అడిగి, పోటులోనే వచ్చారు. నేల కడిగించారు, జీలుగ వేయించారు. అరవై నాలుగు చివర సువార్తమ్మ చేను కోతకొచ్చింది. గొప్ప పంటేం కాదు, మచ్చమచ్చలుగా పండింది. కాని పండింది.

కోత పండుగ నాడు ఆమె తొలికంకుల కుచ్చు మా మిషను గుడికి తెచ్చింది. అయ్యగారు ప్రార్థన ముగించి, "మన ప్రకాశరావు మాస్టారు ఏడు అర్జీలు రాసి ఈ భూమిని కాపాడారు," అని సంఘమంతటి ముందూ పొగిడి, నన్ను లేచి నిలబడమన్నారు. నిలబడ్డాను. తల కొంచెం వంచి, వినయంగా ఉన్నట్టు ముఖం పెట్టాను. ఆ ముఖం తలుచుకుంటే ఇప్పటికీ నాకు రోత.

ఆడవాళ్ల వైపు నుంచి సువార్తమ్మ లేచింది.

"మాస్టారూ, తలుపులు తిరగబడ్డాయని నాంచారయ్య మీకు మొదటిరోజే చెప్పాడంట గదా. నిన్న కోతలప్పుడు అన్నాడు. ఆ ఏడు అర్జీల్లో ఒక్కదాంట్లోనన్నా ఆ మాట రాశారా?"

గొంతులో కోపం లేదు. తెలుసుకుందామనే అడిగింది.

"లేదమ్మా," అన్నాను.

"ఏం?"

పాటు వేళ వచ్చి తలుపు తట్టి చూసి పోయినవాళ్లందరినీ రెండేళ్లు తిట్టుకున్నాను నేను. వాళ్లకి అడ్డం పాయ ఉంది, నాకేం అడ్డముంది?

"చేపలు పట్టేవాడి మాట కదా అనుకున్నాను," అన్నాను.

ఆమె తల ఊపింది. ముందుకొచ్చి, బల్ల మీద పెట్టిన కుచ్చుని రెండుగా విడదీసింది. ఒక సగం దేవుడికి వదిలి, రెండో సగం కొంగులో పెట్టుకుని బెస్తపాలెం దారి పట్టింది. అయ్యగారు పాట అందుకున్నారు. నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు.