ఒకవైపు ఒరిగిన చుక్కలు

పెద్ద నర్సు వాచ్‌మన్ జబ్బకు పట్టీ చుట్టి, స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుని రబ్బరు బుడ్డి నొక్కుతోంది. పొద్దుటి నుంచీ నొక్కీ నొక్కీ బొటనవేలు లాగేస్తోంది. పాదరసం దిగుతుంటే ఊపిరి బిగబట్టి వింది.

"నూట ముప్పై. నిక్షేపంగా ఉన్నావు, తమ్ముడూ."

"తల దిమ్ముగా ఉంటోంది సిస్టరమ్మా."

"రాత్రంతా మేలుకుంటే దిమ్ముగా ఉండక ఎలా ఉంటుంది?"

మధ్యాహ్నం తరగతి. ఈ వయసులో పాఠాలేమిటో, ఖర్మ కాకపోతే! రక్తపోటు పరిశోధనలో పనిచేసేవాళ్లంతా గణాంకాలు నేర్చుకోవలసిందేనని పెద్దడాక్టరు హుకుం. 'ప్రామాణిక విచలనం' అనడానికి నోరు తిరిగేసరికే ఆమె తలప్రాణం తోకకొచ్చింది.

పోయిన వారం ఇద్దరు నర్సులు ఒకే మనుషులకు విడివిడిగా చూసిన రక్తపోటు అంకెలను మాస్టారు ఆ రోజు తెర మీద పెట్టాడు. ఒకరి అంకెలోంచి మరొకరిది తీసేస్తే వచ్చిన తేడా, మనిషికో చుక్క; మధ్యలో సున్నా గీత. పేర్లు లేవు.

"చుక్కలు గీతకు పైనా కిందా పడితే భయం లేదండీ, అన్నీ కలిస్తే సర్దుకుపోతాయి. ఇవన్నీ కిందే ఉన్నాయి చూడండి. ఇలా ఒకవైపే ఒరిగితే ఎంతమందిని చేర్చినా సర్దుకోవు."

"బద్ధకం కాబోలు," అన్నారెవరో. అందరూ నవ్వారు. పక్కనున్న చిన్న నర్సు మాత్రం తల దించుకుంది. దాంతో ఆ తక్కువ అంకెలు తనవేనని పెద్ద నర్సుకు అర్థమైపోయింది.

బద్ధకం కాదు. పాదరసం దిగుతుంటే పై అంకె చెప్పే మొదటి చప్పుడు సన్నగా ఉంటుంది, అది ఆమెకు వినపడటం ఎప్పుడో మానేసింది; ఆ తర్వాత గట్టిగా వినపడ్డ చోటి తక్కువ అంకెనే రాస్తోంది. టీవీ మోత గురించి కోడలు అంటే కోడలి మీదే విరుచుకుపడింది.

"నీకు తెలుసా?" అంది మెల్లగా.

"ఎలా చెప్పనక్కా? నాకు సూది పట్టుకోవడం నేర్పింది మీరేగా."

నోరు మూసుకుంటే పింఛను దాకా నెట్టుకురావచ్చు. కానీ పొద్దున ఆ మనిషి తల దిమ్మన్నాడే! చిన్న నర్సును రెక్క పట్టుకుని గేటు దగ్గరికి లాక్కుపోయి, వాచ్‌మన్‌ను లోపలికి తెచ్చి కూర్చోబెట్టింది.

చిన్న నర్సు రెండుసార్లు చూసింది. "నూట అరవై, అక్కా."

అతన్ని డాక్టరు దగ్గర కూర్చోబెట్టాక పెద్ద నర్సు పెద్దడాక్టరు గదిలోకి వెళ్లింది. తన చెవులు పోయాయనీ, తను రాసిన అంకెలన్నీ తీసేయమనీ, తను చూసినవాళ్లందర్నీ మళ్లీ పిలిపించమనీ చెప్పింది. రేపటి నుంచి రానంది. ఆయన ఉండమనలేదు.

సాయంత్రం ఆమె సంచీ భుజాన వేసుకుని గేటు దాటుతుంటే, మందుల పొట్లం పట్టుకున్న వాచ్‌మన్ ఏదో అన్నాడు. వినపడలేదు. ఎప్పటిలాగే తలూపి వెళ్లిపోయింది.

లోపల బల్ల మీద ఆమె స్టెతస్కోపు చుట్టచుట్టి ఉంది, చెవుల్లో పెట్టుకునే కొసలు అరిగి నున్నబడి.