చీటీ మార్చిన వాల్వు

నీళ్ల ఆఫీసులో పటాలు చూసే ఆవిడను అందరూ పటాల వదిన అంటారు. ఆవిడ జీవితంలో జానెడు దూరం కూడా తప్పు చెప్పి ఎరగదు. ఈ మాట గుండె మీద చెయ్యేసుకుని ఎక్కడైనా చెబుతాను.

ఆ రోజు పొద్దున్నే పెద్ద గొట్టం పగిలింది. వాల్వు కట్టేస్తే తప్ప నీళ్లు ఆగవు. ఆగకపోతే మధ్యాహ్నానికల్లా ట్యాంకు ఖాళీ, ఆసుపత్రిలో చుక్క ఉండదు. వాల్వు మూత మీద ఎవరో ఎప్పుడో తారు పోసేశారు. తవ్వేవాళ్ల మేస్త్రీ ఆవిడకు స్వయానా మరిది. అతను ఫోన్ చేస్తే, ఆవిడ డేటాబేస్‌లో చూసి చోటు పంపింది.

అరగంటకు మళ్లీ ఫోను.

"వదినా, నడుం లోతు తవ్వాం. వానపాములు బాగున్నాయి. వాల్వు లేదు."

"సరిగ్గా తవ్వి ఏడిస్తే ఉంటుంది."

"మీరు పటంలో పెట్టి పంపిన చుక్క మీదే నిలబడ్డా. కావాలంటే నన్నే వాల్వనుకుని తిప్పండి."

ఆవిడ పళ్లు నూరుకుంటూ పాత సర్వే కాగితం తీసింది. అందులోని అంకెలే కంప్యూటర్లోనూ ఉన్నాయి, పొల్లు పోకుండా. తంటా అంతా అక్కడే. ఏ చోటు ఎక్కడుందో పాత సర్వే కొలిచిన లెక్క వేరు, ఇప్పటి పటం లెక్క వేరు. ఒకదాంట్లోంచి రెండోదాంట్లోకి తెస్తే ప్రతి అంకె మారాలి. ఎవరో మహానుభావుడు అంకెల జోలికి పోకుండా, 'ఇది కొత్త లెక్క' అని పేరు మాత్రం మార్చి చేతులు దులుపుకున్నాడు. ఉప్పు డబ్బాకు పంచదార చీటీ అంటించినట్టు.

"ఏ దద్దమ్మ చేశాడో గాని..." అని సణుగుతూ మార్పుల చిట్టా తెరిచింది. నిరుడు ఒక శుక్రవారం, సాయంత్రం ఐదుంపావు. చేసింది తనే, ఇంటికెళ్లే తొందరలో.

జానెడన్నానా? రెండు వందల గజాలు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను, గుండె మీది చెయ్యి కూడా.

ఆవిడ తన నెత్తిన తనే మొట్టుకుని, పాత చీటీ తిరిగి పెట్టి, ఈసారి నిజంగా లెక్క మార్పించింది. చుక్క రెండు వీధులు దాటి గెంతింది. దాన్ని మరిదికి పంపింది.

"ఎవరిదట వదినా ఈ ఘనకార్యం?"

"పిచ్చి ప్రశ్నలు మాని తవ్వు."

"మీదేనన్నమాట."

పదకొండున్నరకు వాల్వు దొరికింది, కట్టారు. ట్యాంకులో మిగిలిన నీళ్లు ఆసుపత్రికి సరిపోయాయి. ఎక్కడ దొరికిందనుకున్నారు? పొద్దున నీడ చూసుకుని మేస్త్రీ లారీ నిలిపి వచ్చిన చోటే, సరిగ్గా ఎడమ చక్రం కింద.

చక్రం సంగతి మాత్రం నా కల్పన. లారీ ఇంకో పది బారల అవతల ఉంది. మిగతాదంతా నిజం, వానపాములతో సహా.