నాటవద్దన్న చోట

నా భార్య శాస్త్రవేత్త. ఏరు సముద్రంలో కలిసే చోట, చచ్చిపోయిన మడ అడవిని మళ్లీ బతికించడం ఆమె పని. "మొక్కలు నాటకండి. పాత రొయ్యల చెరువు కట్ట తెంచండి. పోటు నీళ్లొస్తే విత్తనాలు వాటంతటవే కొట్టుకొస్తాయి" అని చెప్పి చెప్పి ఆమె నోరు నొప్పెట్టింది. ఆమె పనిచేసే సంస్థ డైరెక్టరుకు అది చెవిటివాడి ముందు శంఖమే. ఫోటోల కోసం ఏటా వరుసలు కట్టి నాటించాడు. నీళ్లందక ఏటా అవి ఎండిపోయాయి. ఆమె పోయాకే కట్ట తెంచారు. ఇప్పుడక్కడ అడవి లేస్తోంది.

నిన్న ఆ డైరెక్టరే కుండీలో మడ మొక్క పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"బావగారూ, అక్క పేరు మీద దీన్ని అక్కడ మీరే నాటాలి. పెద్దలంతా వస్తున్నారు."

"బతికున్నప్పుడు మేడమ్. పోయాక అక్కయిందా?"

అతను తల దించుకున్నాడు. "ఇంకా మనసులో పెట్టుకున్నారా? ఆవిడైతే క్షమించేసేది."

"క్షమించేదేమో. నాటనిచ్చేది మాత్రం కాదు. నేను క్షమించనూ లేదు, నాటనూ నాటను."

"మరి ఏం చేయమంటారు?"

"పక్క చెరువు కట్ట ఇంకా అలాగే ఉంది. అది తెంచే రోజు కబురు చెయ్యి. పార నేనే తెచ్చుకుంటాను."

అతను కుండీ పట్టుకుని వెళ్లిపోయాడు.