వెనక పెట్టిన తోట

నాకున్న పెద్ద భయం ఇదొక్కటే: నేను పెట్టిన పూలతోట ముందు నిలబడ్డ ఆ మనిషి ఈపాటికి బతికి ఉండకపోవచ్చు.

ఆమె పేరు చౌడేశ్వరి. ఆమెను ఎప్పుడూ చూడలేదు, కంప్యూటర్లో మాత్రం ఆమె జుట్టును వెంట్రుక వెంట్రుకగా గోడ నుంచి విడదీశాను. హిందూపురంలో మా ఇంటి ముందుగదే నా భర్త సాదిక్ ఫోటో స్టూడియో. ఫోటోలు తీసేది ఆయన. వెనక ఉన్న పాతగోడలు చెరిపేసి తోటలు, కొండలు, మేఘాలు పెట్టేది నేను. ఎనిమిదిలోనే బడి మాన్పించారు గనుక ఫోటోషాప్‌లో ఇంగ్లీషు పేర్లు చదవలేను. ఫిల్టర్ల వరుసలో ఏది నొక్కితే పొగమంచు కమ్ముతుందో, ఏది నొక్కితే ఎండ మెరుస్తుందో నా చేతికే తెలుసు. ఒళ్ళో చంటిది నాజ్నీన్ పాలు తాగుతుంటే కుడిచేత్తో మౌస్ తిప్పుతాను. "టీవీ ముందర కూర్చున్నెట్ల కూర్చుంటాది, బియ్యం ఎవురు ఏరల్ల?" అంటుంది మా అత్త. ఎవరైనా తోట బాగుందంటే సాదిక్, "మా ఆర్టిస్టు బెంగళూరులో ఉండాడప్పా" అంటాడు. ఆ బెంగళూరు ఆర్టిస్టు తలుపు చాటున అంట్లు తోముతూ ఆ మాట వింటుంది.

చౌడేశ్వరి భర్త ఉదయ్ కుమార్‌కు పెనుకొండలో సిమెంటు అంగడి. మొదటిసారి తన కెమెరాలో భార్య ఫోటో తెచ్చి వెనక తోట పెట్టమన్నాడు. "బెంగళూరుకు పిల్చుకపోయినానని మా అత్తకు చూపించల్లప్పా. బిడ్డను చూస్తానని ధర్మవరం నుంచి ఒకటే పోరు." రెండోసారి ఊటీ కొండలు. రెండుసార్లూ నేను చెరిపింది ఒకే గోడ: నీలం సున్నం, మేకులు కొట్టి మూసేసిన కిటికీ. రెండోదాంట్లో ఆమె మెడ ఎముకలు తేలాయి. ఒళ్ళు కొంచెం నింపమన్నాడు. నింపాను.

"ఆయప్ప ఏ ఊరూ తిప్పలేదు. ఆ గోడ ఒకటే," అన్నాను సాదిక్‌తో, అన్నం వడ్డిస్తూ.

"నువ్వు ఎనకాల పెట్టేదానివి. ముందరుండేవాళ్ళ సంగతి నీకెందుకు మే?"

మడకశిరలో మా అమ్మ దగ్గర నా ఫోటో ఒకటుంది. కాన్పయినాక నేనే తయారుచేసి పంపాను, కళ్ళ కింద నలుపు తీసేసి, వెనక గులాబీలు పెట్టి. అది చూసి, "నా బిడ్డ సల్లగుండాది" అని అమ్మ నన్ను చూడటానికి రావడం మానుకుంది. ఫోటో చేసే పని అదేనని నాకంటే ఎవరికి తెలుసు?

నిన్న ఉదయ్ కుమార్ మళ్ళీ వచ్చాడు. చేతిలో కెమెరా లేదు. "పోయినతూరి ఫోటోనే మళ్ళీ బయటికి తీయప్పా. ఎనకాల మైసూరు పెట్టు, చీర రంగు మార్చు. అంచు గూడా మార్చల్ల. మా అత్త మగ్గం మనిషి, అది ఆమె నేసిన చీరే. అంచు చూస్తే పట్టేస్తాది."

నేను గుమ్మంలోకి వచ్చేశాను. "కొత్త ఫోటో తీయలేదేమన్నా? అక్క బాగుండాదా?"

సాదిక్ మొహం మాడ్చుకున్నాడు. ఉదయ్ కుమార్ నావైపు చూడలేదు. "బాగుండాది. తీసేకి కుదర్లేదు."

ఆకుపచ్చ చీరను వంకాయరంగు చేశాను. వెనక మైసూరు దీపాలు వెలిగించాను. అంచులో బంగారు జరీని వెండి జరీ చేశాను. రంగు మారితే అంచు మారినట్టే అనుకునే మనిషి అతను. తరువాత అంచు వరకే గీసుకుని, మసకను తేటపరిచే ఫిల్టర్ వేశాను. ఆమె తల్లి నేసిన హంసలు ముక్కులతో సహా తేలాయి. ఉదయ్ కుమార్ చూసి, "ఇప్పుడు సరిపాయె" అంటూ కవర్లో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ తల్లికి చూపు ఆనుతుందో లేదో నాకు తెలియదు. బిడ్డ చల్లగా ఉందనుకుని ఫోటో గోడకు తగిలించేస్తుందేమో. రేపు నాజ్నీన్‌ను చంకనేసుకుని ధర్మవరం పోతాను, సాదిక్‌ను అడగను. నన్ను మధ్యలో వెనక్కి తెచ్చేస్తారేమో కూడా. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. పెనుకొండలో దిగితే సిమెంటు అంగడి ఉదయ్ కుమార్ ఇల్లు ఏదని కనుక్కోండి. చౌడేశ్వరిని చూడాలని చెప్పండి. ఫోటో తెచ్చి చూపిస్తే చూడకండి, ఆమెనే బయటికి పిలవమనండి.