జత లేని పాదం

ఛందస్సంటే మా పిల్లలకు ఆముదమే. ముక్కు మూసుకుంటే ఆముదమైనా దిగుతుంది గానీ గణాలు దిగవు. నందికొట్కూరు బడిలో తెలుగు అయ్యవారిని నేను. నా అరుపులు వీధి చివరికి వినపడతాయి.

కర్నూలు రాజధాని అయిన ఏడాది పక్కపల్లె నుంచి ఉరుకుందమ్మ అనే ముసలామె నన్ను వెతుక్కుంటూ వచ్చింది. వాళ్ల ఊరి వంకకు, అంటే వాగుకు, కట్ట వేసి చెరువు చేసినవాళ్ల మీద ఒక కథ పాట ఉంది. చెరువు నిండినప్పుడల్లా ఆ ఊరి పాటగాడు కంబన్న దాన్ని పాడతాడు.

"అందులో మా యన్న సుంకప్ప పేరు ఉండాది అయివారూ. చిన్నప్పుడు నా చెవులతో విన్నా. కంబన్నేమో లేనే లేదంటాడు. రేపు కట్ట మీద పాడతాండాడు. సచ్చేలోగా ఒక్కసారి వినాల."

జాలి కంటే ముందు నాకు పంతం వచ్చింది. ఆ సాయంత్రమే ఆమెతో పోయి, కంబన్న చేత పాటంతా పాడించుకున్నాను. అది ద్విపద. పాదాలు రెండేసి జతగా నడుస్తాయి. జతలో రెండో అక్షరం రెండింటికీ కలవాలి, అదే ప్రాస. ప్రతి జతా ఒక మనిషి పేరుతో మొదలై 'మురిసె' అని ముగుస్తోంది. ఒక్కచోట మాత్రం పాదం ఒంటరిగా మిగిలింది.

*వంక నీళ్ళను జూచి వాడెల్ల మురిసె*

"దీని జత యాడప్పా?" అన్నాను కంబన్నతో.

"ముందుది చావు మాటంట. శుభమా అని చెరువు నిండితే అదెందుకని మా నాయన పాడడం మానేసినాడు. నాకు రాదు."

"పోయిన పాదం ఒక పేరుతో మొదలు కావాలి. 'వంక'లో లాగే రెండో అక్షరం 'క', దాని ముందు సున్న. సుంకప్ప కాక ఇంకెవరు?"

కంబన్న రెండు మాటలనూ పెదాల మీద ఆడించి చూసుకున్నాడు. "పేరు కుదిరింది. మిగతాదో?"

"గండి పూడుస్తాంటే సుడిలో పడిపాయ," అంది ఉరుకుందమ్మ. ఆ మాటలనే నేనూ కంబన్నా గణాల్లోకి సర్దాం. పాత పాదం అదేనో కాదో దేవుడికెరుక.

మర్నాడు కట్ట మీద కంబన్న గొంతెత్తాడు.

*సుంకప్ప గండిలో సుడిబడి కూలె*
*వంక నీళ్ళను జూచి వాడెల్ల మురిసె*

అశుభమని ఎవరూ అడ్డు చెప్పలేదు. ఉరుకుందమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఇంగోసారి పాడప్పా," అంది.

చెప్పిందే చెప్పడం దోషమని పిల్లల కాగితాలను ఎర్రసిరాతో ఖూనీ చేసేవాణ్ణి నేను. కంబన్న నావైపు చూశాడు. పాడమన్నాను. ఈసారి సుంకప్ప పేరును ఊరంతా అందుకుంది.